హ్యాండిల్ పైకెత్తిన ఆదివారం

నలభై దాటాక నేను రేసు సైకిల్ ఎక్కాను. మా తమ్ముడు బదిలీ మీద మా పక్క ఊరు సీపత్ నుంచి వెళ్ళిపోతూ, "తొక్కు అక్కా, ఒంటికి మంచిది" అని తన సైకిల్‌ని మా రైల్వే క్వార్టర్ వరండాలో వదిలి వెళ్ళాడు. సన్నటి చక్రాలు, కిందికి వంకీలు తిరిగిన హ్యాండిల్. మా అత్తగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పొట్టేలు కొమ్ముల్లాగున్నాయేటే ఇవి?" అన్నారు.

తమ్ముడు నాకంటే జానెడు పొడుగు. వాడికి హాయిగా అందే హ్యాండిల్ కోసం నేను, మంచం కింద పడ్డ చెవిదిద్దును తీస్తున్నట్టు చేతులు చాపాలి. పొద్దున్నే ఊరి శివారు లాల్‌ఖదాన్ దాకా వెళ్ళొచ్చేసరికి అరచేతులు మొద్దుబారేవి, మెడ పట్టేసేది. తల ఎత్తడం నా వల్ల కాక, ముందు చక్రాన్నే చూస్తూ తొక్కేదాన్ని.

దానివల్ల కాలనీలో నాకు మంచి పేరొచ్చింది. "గార్డుగారి కోడలు సైకిలెక్కినా తలెత్తదు, ఎంత ఒద్దికో!" అని పెద్దవాళ్ళు చెప్పుకున్నారట.

ఆ పేరు మా మావయ్యగారి దగ్గర పోయింది. ఆయన రిటైరైన రైలు గార్డు. ఒకరోజు కూరల సంచితో ఇంటికొస్తుంటే నేను వెనకనుంచి గంట మీద గంట కొట్టి, ఆయన పక్కకి గెంతగానే దూసుకుపోయాను.

ఇంటికొచ్చాక ఆయన సంచి కింద పెట్టకుండానే అడిగారు. "నన్నే తప్పుకోమని ఎల్లిపోనావేటమ్మా?"

"మీరని తెలీలేదు మావయ్యా. మీ చెప్పులొక్కటే కనిపించాయి."

"చెప్పులు సూసి పోల్చుకోలేవా?"

"కొత్తవి కదండీ!"

ఆయన చెప్పుల వైపు చూసుకుని, "అచ్ఛా" అన్నారు. అంతటితో కోపం దిగి, జాలి మొదలైంది.

మావారు సైకిల్ షాపుకి వెళ్ళి అడిగొచ్చారు. హ్యాండిల్‌ని పట్టుకుని ఉండే మెడలాంటి ముక్కని తీసి, దానికంటే పొట్టిది, పైకి వంగి ఉండేది వేయాలట. సీటు కాస్త దించి, కొంచెం ముందుకి జరపాలట. ఆ పొట్టి ముక్క కొనుక్కుని ఆదివారం పొద్దున వరండాలో పని మొదలుపెట్టారు. హ్యాండిల్ లేచింది. మిగిలింది సీటు.

అక్కడ మావయ్యగారు రంగంలోకి దిగారు. "తలో మాటా అంటే పని సెడిపోద్ది. నేను సిగ్నలిస్తాను, సూసి కదుపు," అని మావారికి చెప్పి, ఒక చేతిలో ఆకుపచ్చ గుడ్డసంచి, ఇంకో చేతిలో అత్తగారి ఎర్ర రవికగుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

నేను గోడకి చెయ్యి ఆనించి ఎక్కాలి. అత్తగారు వెనక చక్రం పట్టుకుని నా మోచేతులు చూడాలి. "కర్రల్లా బిగిసిపోనాయి" అని ఆవిడంటే నేను దిగాలి. మావయ్యగారు ఆకుపచ్చ సంచి ఊపితే మావారు సీటు జరపాలి. మళ్ళీ నేను ఎక్కాలి. ఇలా ఎక్కి దిగడంలోనే ఆ రోజు వ్యాయామం అయిపోయింది.

మధ్యలో మావయ్యగారు ఎర్రగుడ్డ ఎత్తారు. మావారు టక్కున ఆపి, బిగించేశారు.

"ఆపేసినావేటి?"

"మీరే కదా నాన్నా రెడ్ చూపించారు!"

"సెమట తుడుసుకున్నాన్రా!"

అత్తగారు ఆయన చేతిలోంచి రవికగుడ్డ లాక్కుని ఇంట్లోకి వెళ్ళిపోయారు. సిగ్నళ్ళు లేకుండానే మిగతా పని అయింది. నా మోచేతులు కాస్త మడతపడ్డాయి, భుజాలు దిగాయి. తల ఎత్తితే ఎదురింటి మేడ మీది నీళ్ళ ట్యాంకు కనిపించింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ సంతోషంలో ఎవరూ గమనించలేదు, హ్యాండిల్ ఒకవైపుకి, చక్రం ఇంకోవైపుకి చూస్తున్నాయని. వీధిలోకి వెళ్ళి హ్యాండిల్ తిన్నగా పట్టగానే సైకిల్ ఎడమకి తిరిగి పక్కింటి దండెం కిందికి దూరింది. బయటికొచ్చేసరికి నా నెత్తిన పక్కింటాయన లుంగీ ఉంది.

"అరే భాభీజీ, వో మేరీ హై!" అని, అది తనదేనంటూ ఆయన గుమ్మంలోంచి కేక పెట్టారు.

లుంగీ ఇచ్చేసి, హ్యాండిల్ సరిచేయించుకుని మళ్ళీ బయల్దేరాను. చేతులు తిమ్మిరెక్కలేదు. రైలు పట్టాలు, అరుగుల మీద జనం, గేదెల మొహాలు, అన్నీ కొత్తగా కనిపించాయి. చిక్కేమిటంటే, నేనూ అందరికీ కనిపించాను. "ఏటమ్మా, ఊళ్ళో లేవా ఇన్నాళ్ళూ?" అని ఒకావిడ ఆపింది. ఇంకొకావిడ కూతురి పెళ్ళిచూపుల సంగతి మొదట్నుంచీ చెప్పింది. మరొకరింట్లో టీ తాగందే వదల్లేదు. లాల్‌ఖదాన్ చేరకుండానే వెనక్కి తిరిగాను.

"మెడ ఎలాగుంది?" అని మావారు అడిగారు.

"మెడ బానే ఉంది. పెళ్ళిచూపుల కబుర్లాడి దవడలే లాగుతున్నాయి," అన్నాను.

మావయ్యగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "కుర్రోడు ఏటి సేస్తాడంట?" అన్నారు. పెళ్ళిచూపుల కథ ఆయనకి మొదట్నుంచీ చెప్పాల్సొచ్చింది.