కప్ప అడిగితే చెవి

నియమం పెట్టిన మనిషికి ఆ నియమం వర్తించదని మీకెవరు చెప్పారు? ఓ చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ తన కోడ్ అంతా దాచుకున్న సొంత సర్వర్‌కు ఆమె కాపలాదారు. చల్లటి చిన్న గదిలో, జుట్టును పెన్సిల్‌తో ముడివేసుకుని కూర్చుంటుంది. ఆ సర్వర్‌లోకి రావాలంటే ఎవరైనా తమ కంప్యూటర్‌లో జంటగా రెండు కీలు సృష్టించుకోవాలి. ఒకటి తాళంకప్ప వంటిది, దాన్ని ఆమెకు పంపాలి. రెండోది తాళంచెవి, దాన్ని ఎవరికీ చూపకూడదు. కొత్తవాళ్లు తడబడి చెవినే పంపుతారు. "కప్ప అడిగితే చెవి కోసి పంపారేంటండీ!" అని నవ్వుతూనే ఆ జంటను చెరిపించి, కొత్తది చేయిస్తుంది. పోయిన వారం యజమాని కూడా చెవినే పంపితే, ఆయనకీ మినహాయింపు దక్కలేదు.

నిన్న సాయంత్రంలోగా క్లయింటుకు పని అప్పగించాల్సి ఉంది. ఆ హడావిడిలో ఆమె పొరపాటున తన చెవినే ఆఫీసు చాట్ గ్రూపులో అతికించి, మరుక్షణం తుడిచేసింది.

"ఎవరూ చూడలేదక్కా, ఊరుకో. ఇప్పుడు మారిస్తే పని ఆగుతుంది. పైగా ఎవరి కప్పను వాళ్లే చేర్చుకోకూడదు కదా, నీ కొత్త కప్ప చేర్చాల్సింది సారే, నిన్ను ఆడుకుంటాడు," అన్నాడు పక్క సీటు ప్రోగ్రామర్.

"చూడలేదని నీకెలా తెలుసురా?"

పెన్సిల్ లాగి, జుట్టు మళ్లీ బిగించి ముడివేసుకుంది. సర్వర్‌లోంచి తన పాత కప్పను తానే తొలగించి, కొత్తది చేర్చమని అడగడానికి యజమాని గదివైపు నడిచింది.