కిటికీ తమ్ముడు

తమ్ముడి దినాలకు వచ్చినవాళ్లు వాడెంత పనిమంతుడో చెప్పుకున్నారు. నిజమే. నాకు మాత్రం వాడు పని వదిలేసిన ఒక శుక్రవారమే గుర్తుకొస్తున్నది.

మాది జడ్చర్ల దగ్గర గొర్లు కాచుకునే కుటుంబం. నన్ను ఆలేరుకు ఇచ్చారు. పెళ్లయిన కొంతకాలానికే నాయిన, ఆ వెనకే అమ్మ పోయారు. పుట్టిల్లంటే ఇక తమ్ముడే. వాడు మెట్రిక్ పాసై సికింద్రాబాద్‌లో ఇనుప సామాను దుకాణంలో కుదిరాడు. అరవైల మొదట్లో ప్రతి శుక్రవారం ఆర్డర్లు తేవడానికి వరంగల్ పోయేవాడు. ప్యాసింజర్ బండి ఆలేరులో కాసేపు ఆగేది. బిడ్డను చంకనేసుకొని ప్లాట్‌ఫారం మీద నిలబడేదాన్ని. కిటికీలోంచి నేను జొన్నరొట్టెల మూట అందిస్తే, వాడు చదివేసిన పత్రికలు అందించేవాడు. చిన్నప్పుడు వాడి పలక మీదే అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాతి చదువంతా ఆ పత్రికలతోనే.

"పోయినసారి కారం తక్కువైందే అక్కా."

"ఇంటికొచ్చి తిను. సరిపోను ఏస్త."

"వచ్చే వారం దిగుత."

ఇంటికి రాగానే మా అత్త అడిగేది: "ఏమాయె, కిటికీ తమ్ముడు కుశాలమేనా? మెడ కాడికేనా, కిందికి గూడ ఉన్నడా ఆ పిలగాడు?"

మా దిక్కు పెళ్లయిన ఆడపిల్లకు మూడో ఏటనో అయిదో ఏటనో పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడకలు, రవికగుడ్డ ఒడిలో పోసి, ఈమె వెనక మేమున్నామని నలుగురి ముందు చెప్పడం అది. నాకు మూడో ఏడు చావులతో తప్పిపోయింది. అయిదో ఏడు నడుస్తున్నది. తోటికోడలికి వాళ్ల అన్నలు బండి కట్టుకొని వచ్చి పోసిపోయారు. ఈ ఏడు కూడా దాటితే నన్ను పుట్టిల్లు లేనిదాని కిందే చూస్తారు.

ఒక శుక్రవారం కిటికీ దగ్గర అడిగేశాను: "ఒడిబియ్యం ఎప్పుడు పోస్తవురా?"

"కొంగు పట్టు, ఇక్కణ్నించే పోస్త" అన్నాడు. రైలు డబ్బాలో వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇల్లు చేరేదాకా ఆ నవ్వు నిలవలేదు.

తర్వాతి శుక్రవారం నేను స్టేషన్‌కు పోలేదు. వాకిట్లో కూర్చొని పల్లికాయ వలుస్తున్నాను. బండి వచ్చిన చప్పుడు వినపడింది, పోయిన చప్పుడు కూడా వినపడింది.

"పలుకులు పొట్టుల ఏస్తున్నవ్, సూసుకో" అన్నది అత్త.

చూసుకున్నాను. నిజంగానే వేస్తున్నాను.

అంతలో తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చంకలో దుకాణం సంచి, ఒళ్లంతా చెమట. బండి కదులుతుంటే దూకాడట. వాకిట్లో ఉన్న నన్ను కూడా చూడకుండా, "అక్కకేమైంది?" అని అత్తను అడిగాడు. నాకు జ్వరమో, అంతకు మించిందో అనుకున్నాడు.

"ఏం కాలే. కాళ్లు కడుక్కో" అన్నాను.

"ఏం కాకుంటే ఎందుకు రాలే?"

"వచ్చినన్ని రోజులు నువ్వు దిగలే గదా."

వాడు చంకలో సంచి కింద పెట్టాడు. ముందు నవ్వింది అత్తే. "ఓ కిటికీ తమ్ముడా, నీకు కాళ్లు గూడ ఉన్నయా!"

మా బిడ్డ వాడి చుట్టూ తిరిగి చూసింది. అప్పటిదాకా దానికి మేనమామ అంటే ఒక ముఖం, రెండు చేతులు.

"సేటు తిడుతడక్కా" అన్నాడు మొదటి ముద్దకు. రెండోసారి వడ్డించేసరికి సేటు మాట ఎత్తలేదు. పొద్దుగూకేదాకా ఉన్నాడు. వాడకట్టు వాళ్లంతా వచ్చి చూసిపోయారు.

నెల తిరక్కముందే భార్యను వెంటబెట్టుకొని బియ్యం మూటతో దిగాడు. అత్త వాడకట్టంతా తిరిగి తానే పిలిచొచ్చింది. వాళ్లిద్దరూ పోస్తుంటే ఒడి నిండింది. బరువుకు లేవలేకపోయాను. అత్తే చెయ్యిచ్చి లేపింది.

ఆ తర్వాత వాడికి పని పెరిగిందే తప్ప తగ్గలేదు. సొంత దుకాణం పెట్టాడు, పిల్లలయ్యారు. అయినా నెలకోసారైనా ఆలేరులో దిగేవాడు. అత్త బతికి ఉన్నన్నాళ్లు ఆ రోజు కూరలో కారం తానే వేసేది. తీరిక చూసుకొని వచ్చాడని అనుకోను. తీరిక వాడికి ఎన్నడూ లేదు. పని ఆపి వచ్చేవాడు. అలాంటి తమ్ముడు నాకున్నాడని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. వాణ్ని మొదటిసారి బండి దింపింది నేనేనని చెప్పుకోవడానికీ లేదు.

దినాలు అయిపోయి బయల్దేరుతుంటే తమ్ముడి కొడుకు బస్సు దాకా వచ్చాడు. దుకాణం ఇప్పుడు వాడిదే. కిటికీ దగ్గర నిలబడి, "పని జర తక్కువైనంక ఆలేరు వస్త అత్తా" అన్నాడు.

"ఏ శుక్రవారం?" అని అడిగాను.