వెనుక రెండు అర్రలు

ముందు కత్తెర వినిపిస్తుంది. కిచ్ కిచ్ కిచ్, కొంచెం ఆగి, మళ్ళీ కిచ్. కోరుట్లలో ఆ సందు మలుపు తిరగకముందే వినిపిస్తుంది, తడిపిన తునికాకును బీడీ కొలతకు కోసే చప్పుడు. చెవి పెట్టి నిలబడితే కత్తెర ఒకటి కాదని తెలుస్తుంది. ఒకటి నిదానం, దారి తెలిసిన ఎద్దు నడక. రెండోది తొందర, ఇంకా కోపం తీరని చేయి.

నిదానంగా కదిలేది బాలలక్ష్మి కత్తెర. రేకుల ఇంటి గడపలో, ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంటుంది. నలభై ఇంకా నిండలేదు. చేతివేళ్ళు మాత్రం తంబాకు రంగు తేలి ముసలివైపోయాయి. పక్కన పదహారేళ్ళ బిడ్డ సృజన. లోపల మంచం మీద ఒక కాలు సాపుకుని, ఒక కాలు ముడవలేక, పెనిమిటి రాజనర్సు. ముగ్గురూ ఒకే కప్పు కింద ఉన్నారు. ఒకప్పుడు బాలలక్ష్మి దేవుణ్ణి అడిగింది అచ్చంగా ఇదే.

రాజనర్సు రుద్రంగిలో కల్లు కోసం తాళ్ళు గీసేవాడు. పెళ్ళైన కొత్తలో బావి కాడ ఆడవాళ్ళు అడిగితే, బాలలక్ష్మి మురిసిపోయి, "మా ఆయన చెట్టు పొద్దుమాపు నిండు లొట్టి కల్లు పారుతది" అంది. ఇంటికి వచ్చాక అత్త కొమురవ్వ మూతి మీద ఒక్కటి వేసింది.

"పారే చెట్టును పారుతదని అంటరానే? నరదిష్టికి నల్లరాయి పలుగుతది. ఎవలన్న అడిగితే లొట్టి అడుగు సుత తడుస్తలేదని చెప్పాలె."

గీత గీసే ఇళ్ళలో ఆ మాటే మర్యాద. కల్లు నురగ కట్టి అంచు మీద నుంచి కారుతున్నా, మోసుకొచ్చేవాడు ముఖం మాడ్చుకునే రావాలి. బాలలక్ష్మి ఆ విద్య బాగా నేర్చింది. పొదిగే కోడిని రోగిష్టిదనేది. తరగతిలో మొదట నిలిచిన బిడ్డను మొద్దు అనేది. మనసుకు ఏది ఎంత కావాలో, నోటితో దాన్ని అంత తిట్టేది. కావాలన్న కోరికను తిట్టు కింద దాచడం, గింజను మన్ను కింద దాచినట్టే ఆమెకు.

ఒక్కసారి మరిచిపోయింది. ఒక పొద్దున రాజనర్సు చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని పోతుంటే, పక్కింటి పోచవ్వ, "నీ మొగడు ఉడుత లెక్క ఎక్కుతడే" అంది. బాలలక్ష్మి నవ్వింది. "ఉడుత గూడ మా ఆయన కాడ నేర్చుకోవాలె" అంది. ఎండ ఇంకా వాకిట్లోకి రాలేదు, మనుషులు అతన్ని మంచం మీద మోసుకొచ్చారు. తుంటి ఎముక రెండు ముక్కలు. కరీంనగర్‌లో కడ్డీ వేశారు. కడ్డీ నిలిచింది, నడక నిలవలేదు. మోకు పాతబడిందని రాజనర్సు ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినలేదు. అతన్ని కింద పడేసింది తన నవ్వేనని ఇప్పటికీ నమ్ముతుంది.

ఆ తర్వాత ఇల్లు మూడు ముక్కలైంది. జగిత్యాలలో విత్తనాలు, ఎరువులు అమ్మే శ్రీశైలం సేటు ఇంట్లో బాలలక్ష్మి వంటకు కుదిరింది. బియ్యం బస్తాల పక్కన చాప వేసుకునేది. రాజనర్సు ఆ సేటు గోదాము గేటు కాడే కూర్చునేవాడు, అక్కడే పండుకునేవాడు. సృజనను సిరిసిల్లలో రాజనర్సు అక్క వజ్రమ్మ ఇంట్లో ఉంచారు. వజ్రమ్మ ఇంట్లో నాలుగు మగ్గాలు. మేనకోడలిని బడికి పంపేది, కానీ బడికి ముందూ వెనుకా దారం కండెలు చుట్టించేది. ఫోను చేస్తే బిడ్డ గొంతు కంటే ముందు మగ్గాల మోత వచ్చేది.

"తిన్నవా బిడ్డా?"

"ఆఁ?"

"తిన్నవానే?"

"ఇనబడుతలేదమ్మా. తర్వాత చేస్త."

ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు. దారం పోగులో తన మాట ఎక్కడో తెగిపోయిందని, ముడి వేసే చేయి అక్కడ లేదని, బాలలక్ష్మి ఫోను చెవికి అట్లాగే పెట్టుకుని పోపు మాడబెట్టిన రోజులు ఉన్నాయి.

అప్పుడు సేటు వాళ్ళు పట్నం పోదామనుకున్నారు. రెండు ఇళ్ళు చూసి పెట్టారు. సేటుకు బంజారాహిల్స్ మీద మనసు. ఆ పేరు చెబితే చుట్టాలు నోరు మూస్తారని. పిల్లలకు కోకాపేటలో ఇరవై ఏడో అంతస్తు కావాలి. కింద ఈతకొలను ఉందని. నడుమ సేటు భార్య రాధికమ్మ. ఆమెకు చీర కొనాలన్నా బాలలక్ష్మి పక్కన ఉండాలి.

"నువ్వు గూడ రా బాలలక్ష్మీ," అంది. "నాకు రెండూ మంచిగనే అవుపడుతయి. నీ నోట్లకెళ్ళి ఏదొస్తే గదే."

శనివారం పొద్దున్నే కారు బయలుదేరింది. ముందు బంజారాహిల్స్ పోయారు. పాత బంగళా. ముందు భాగం బాలలక్ష్మి సరిగా చూడనే లేదు. పాత్రలు తోమే చోటు చూద్దామని వెనక్కి పోయింది. అక్కడ ఉన్నాయి, పనివాళ్ళ కోసం కట్టిన రెండు అర్రలు.

పక్కపక్కన, ఒకే వసారా. బయట నల్లా. తిప్పితే నీళ్ళు వచ్చాయి. చల్లగా, ఎవరినీ అడగకుండా. మొదటి అర్ర గోడకు పెద్ద ఇనుప కొక్కెం ఉంది. దాన్ని చూడగానే రాజనర్సు మోకు గుర్తుకొచ్చింది. ఎక్కడా తగిలించే చోటు లేక గోదాములో ఎరువు సంచుల మీద పడి ఉంది అది. రెండో అర్రలో కిటికీ. కిటికీ కింద బల్ల పట్టేంత జాగా. మంచం ఇటు, బల్ల అటు అని కళ్ళతోనే సర్దింది. గోడ అవతల సందులో నీలం చున్నీలు వేసుకున్న ఆడపిల్లలు గలగలమంటూ పోతున్నారు. సర్కారు బడి నాలుగడుగుల దూరమేనని తోటమాలి చెప్పాడు. ఆ గలగలలో మగ్గం మోత లేదు. అమ్మా అని పిలిస్తే వినబడుతుంది.

వెనుక నుంచి సేటు వచ్చాడు. "చూసినవా బాలలక్ష్మీ? గీడనైతే మీ ముగ్గురు ఉండొచ్చు. బిడ్డను గూడ తెచ్చుకో."

ఆమె గబుక్కున ముఖం తిప్పుకుంది. కళ్ళలో వెలిగింది అతను చూస్తాడేమోనని. గోడ గీకి, పెచ్చు ఊడదీసి, "చెమ్మ కొట్టింది సేటు" అంది.

కోకాపేటలో లిఫ్టు ఎక్కితే చెవులు మూసుకుపోయాయి. పైన గాలి ఉంది, వెలుగు ఉంది, కింద బండలు తొలిచే మనుషులు చీమల్లా ఉన్నారు. పనిమనిషి గది బట్టలుతికే మిషను వెనకాల. మంచం పడితే మనిషి పట్టదు, కిటికీ లేదు. మగవాళ్ళను ఉండనియ్యరని అక్కడి మేనేజరు ముందే చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు సిద్దిపేట దగ్గర చాయ్‌కి ఆగారు. సేటు ఫోను మాట్లాడుతూ దూరం పోయాడు. రాధికమ్మ అడిగింది.

"ఇప్పుడు చెప్పు. ఏది మంచిగున్నది?"

బాలలక్ష్మి గుండె లొట్టిలో నురగలా పొంగుతోంది. వెనుక రెండు అర్రలు, కొక్కెం, నల్లా, నీలం చున్నీలు. ఒక్క మాట పైకి వచ్చిందా, అన్నీ కూలతాయి. అత్త చెయ్యి మూతి మీద పడినంత గట్టిగా తెలుసు ఆమెకు.

"బంజారాహిల్స్‌ది ఏం ఇల్లమ్మా?" అంది. "గోడలకు చెమ్మ. ఎనుక అర్రలల్ల ఎలుకలు తిరుగుతున్నయి. ముసల్దాని పండ్ల లెక్క ఊగుతున్నయి తలుపులు."

"అవునా? మరి కోకాపేట?"

అక్కడ ఇంకొంచెం తెలివి చేసింది. దిష్టి తగిలేదేదో దానికే తగలనీ అని నోరారా మెచ్చుకుంది. "అబ్బ, గా ఇల్లు ఇల్లా అమ్మా! గా గాలేంది, గా వెలుగేంది! రాజులు ఉండే మేడ. గసొంటి ఇల్లు నేను పుట్టి చూడలే."

రాధికమ్మ తల ఊపింది. బాలలక్ష్మి చాయ్ తాగింది. అంత తీపి చాయ్ ఆమె ఎన్నడూ తాగలేదు.

ఆ సాయంత్రం గోదాము గేటు కాడికి అన్నం తీసుకుపోయి రాజనర్సుకు అంతా చెప్పింది. రెండు అర్రల సంగతి మాత్రం చెవిలో చెప్పింది, ఎరువు సంచులు కూడా వినకుండా.

"అమ్మతోని ఏమన్నవ్?"

"ఎలుకలున్నయన్న."

రాజనర్సు నవ్వాడు. పడ్డ తర్వాత అంత నిండుగా నవ్వడం అదే. "మంచిగన్నవ్. నేనైతే పాములున్నయి అంటుంటి."

మరునాడు సిరిసిల్లకు ఫోను చేసింది. "బిడ్డా, నీ పుస్తకాలు ఒక సంచిల కట్టి పెట్టుకో."

"ఎందుకే?"

"ఉత్తగనే. పెట్టుకో అంటె పెట్టుకో."

ఈసారి మగ్గాల మోతలో కూడా సృజనకు వినబడింది. కట్టి పెట్టుకుంది.

పది రోజులకు ఇంట్లో స్వీటు డబ్బాలు తెరిచారు. రాధికమ్మ తన చేత్తో లడ్డూ తెచ్చి బాలలక్ష్మి నోట్లో పెట్టింది.

"కోకాపేట ఖాయం చేసినం. నీ మాటే నిలబెట్టినం పో."

లడ్డూను బుగ్గన పెట్టుకుంది. మింగడానికీ లేదు, ఉమ్మడానికీ లేదు.

"అమ్మా," అంది, "నాకు కావాల్సింది గా బంజారాహిల్స్ ఇల్లమ్మా."

"అదేంది! ఎలుకలంటివి?"

"గట్లనే అనాలమ్మా. కావాల్సినదాన్ని మంచిగుందనొద్దు మేం. దిష్టి తలుగుతది."

రాధికమ్మ ఆమె ముఖం చూసి, పరాచికమేమో అనుకుని నవ్వబోయి, ఆగిపోయింది. "నీ కోసమనే గా ఇల్లు మనసుల పెట్టుకున్న నేను. మీ ముగ్గురు ఒక్క తాన ఉంటరు గదా అని సేటుకు గూడ చెప్పిన. నువ్వే ఒద్దంటివి. పిచ్చిదానా, నాకు చెప్పొద్దా?"

చెప్పిందే, తమ భాషలో. ఆ భాష అర్థమయ్యే మనిషి ఆ ఇంట్లో తానొక్కతే. గోదాము గేటు కాడ ఇంకొకడున్నాడు. అతనూ 'మంచిగన్నవ్' అనే అన్నాడు.

బయానా డబ్బు ఇచ్చేశారు. వెనక్కి తీసుకునే మాట లేదు. "నువ్వొక్కదానివి రా," అన్నాడు సేటు. "రాజనర్సు సంగతి తర్వాత చూద్దాం." తర్వాత అంటే, జగిత్యాల గోదాము వేరేవాళ్ళ చేతికి పోయింది, కొత్తవాళ్ళు రెండు కాళ్ళూ సరిగా ఉన్న కావలివాణ్ణి పెట్టుకున్నారు. రాజనర్సు మోకు సంచిలో పెట్టుకుని సిరిసిల్లలో అక్క ఇంటికి పోయాడు. బడికి పోయే పిల్లకు తోడు కాలు కదలని తండ్రి వచ్చి పడితే వజ్రమ్మ మాత్రం ఏం చేస్తుంది? పిల్లను బడి మాన్పించి పొద్దంతా కండెలు చుట్టమంది. కట్టి పెట్టుకున్న పుస్తకాల సంచి ముడి విప్పకుండానే, సృజన పదో తరగతి పరీక్షలు వెళ్ళిపోయాయి.

ఇరవై ఏడో అంతస్తులో బాలలక్ష్మి మూడు నెలలు ఉంది. అక్కడి నుంచి చూస్తే ఏ ఇల్లూ పూర్తిగా కనబడదు, కప్పులే కనబడతాయి. మిషను తిరుగుతుంటే గోడ అదిరేది. అదిరినప్పుడల్లా సిరిసిల్ల మగ్గం అనుకుని ఫోను కోసం తడుముకునేది. ఒకరోజు సృజనే ఫోను చేసింది.

"అమ్మా, పుస్తకాలు అమ్మేసిన. అత్త అమ్మమన్నది. గా సంచి మాత్రం ఉన్నది. నీకు కావాలా?"

మరునాడు వంట చేసి, అందరికీ వడ్డించి, గిన్నెలు తోమి బోర్లించి, బాలలక్ష్మి చెప్పింది: "పోతున్నమ్మా." రాధికమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది. అవి నిజమైన కన్నీళ్ళే. ఒక పట్టుచీర ఇచ్చింది. చీర బాగుందని బాలలక్ష్మి మెచ్చుకుంది, చాలా మెచ్చుకుంది.

కోరుట్లలో బీడీల పని దొరుకుతుందని ఎవరో చెబితే వచ్చారు. ఈ ఇల్లు చవకగా దొరికింది. వానొస్తే రేకు మూడు చోట్ల కారుతుంది. ఎండొస్తే ఆ మూడు చోట్లే వెలుగు పడుతుంది. ఒకే అర్ర. కొక్కెం లేదు, మేకు కొడితే గోడ రాలింది. మోకు మంచం కింద ఉంది. సృజన తల్లితో ఎక్కువ మాట్లాడదు.

"నాకన్న చెప్పొచ్చు గద," అంటుంది ఎప్పుడన్నా, కత్తెర ఆపకుండా. "నేనన్న ఫోను చేసి గామెకు చెప్తుంటి. 'మా అమ్మకు గా ఇల్లే కావాలె' అని. ఒక్క ముక్క."

"నీకు చెప్తే గూడ దిష్టేనే."

"ఇప్పుడు తలగలేదా మరి?"

లోపలి నుంచి రాజనర్సు దగ్గుతాడు. దగ్గు కాదది, ఇద్దరి నడుమ వేసిన అడ్డుకట్ట. కత్తెరలు మళ్ళీ మొదలవుతాయి.

బీడీలు చేసేవాళ్ళ బతుకులు రాసుకోవడానికి వచ్చిన మనిషి, ఇదంతా విని, పొద్దు వాలుతుంటే లేచాడు. ఏదో ఒకటి అనాలి గనుక, సృజన చేతి వేగం బాగుందన్నాడు. బాలలక్ష్మి ఉలిక్కిపడి, "ఏం వేగం సారు, సగం ఆకు ఆగం చేస్తది" అంది. అంటూనే బిడ్డ వైపు చూసి, అన్న మాటను వెనక్కి తీసుకోలేక, చాటలోకి తల వంచుకుంది. గడప దాటుతుంటే ఆమే పిలిచింది. రేకు వైపు, రాలిన గోడ వైపు చేయి చూపింది. ఈసారి గొంతు దాచుకోలేదు.

"సారూ, రాస్తే గీ ఇల్లు శాన మంచిగున్నదని రాయుండ్రి. ఊరంత సదువుకోని, దిష్టి తలిగి, కూలితే కూలనీ."