పూజకొక కొక్కెం

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, షుగర్ ఫ్యాక్టరీకి చెరకు బళ్ళు బారులు తీరే రోజుల్లో, నన్ను చోడవరం శిబిరానికి పంపారు. అప్పటికి నేను విశాఖలోని ఒక పునరావాస కేంద్రంలో సీనియర్ టెక్నికల్ సూపర్‌వైజర్‌ని. దివ్యాంగులకు ఇచ్చే బ్యాటరీ ట్రైసికిళ్ళు అన్నీ ఒకే కొలతతో వస్తాయి. మనుషులు అలా రారు. బండిని మనిషికి తగ్గట్టు మార్చడం, నడిపించి చూడడం, 'ఫిట్' అని సంతకం పెట్టడం నా పని.

అక్కడ నాకు అప్పగించిన కేసు నూకరత్నం. ముప్పై ఏళ్ళుంటాయి. పుట్టుకతోనే రెండు కాళ్ళకూ, కుడిచేతికీ పట్టు లేదు. ఎడమచెయ్యి మాత్రం గట్టిది. ఆ ఒక్క చేత్తోనే కంప్యూటర్ నేర్చుకుంది. బస్టాండు దగ్గర ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టే షాపులో పని దొరికింది. సోమవారం నుంచి తనంతట తాను రాగలిగితే సరే, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని యజమాని చెప్పేశాడు. రోజూ ఎత్తుకుని తీసుకెళ్ళడానికి అన్న అప్పారావుకు చెరకు నరుకుడు పనుల్లో తీరిక లేదు.

మామూలుగా యాక్సిలరేటర్ కుడివైపు ఉంటుంది. దాన్ని తీసేసి, ఎడమ పిడి పక్కన బొటనవేలితో నొక్కే మీట పెట్టాం. వేలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి తెస్తుంది. అన్ని చక్రాల బ్రేకులనూ ఎడమ లీవరుకే కలిపాం. ఆ లీవరు లాగితే మోటారుకు కరెంటు కూడా ఆగిపోతుంది. దాన్ని మేం కటాఫ్ అంటాం. తాళంచెవినీ ఎడమవైపుకే మార్చాం. శనివారం సాయంత్రం ఆమె వీధిలో ఎన్నిసార్లు ఆపమంటే అన్నిసార్లూ గీత మీద ఆపింది. చార్జింగ్ కోసం బండిని వాళ్ళింట్లోనే ఉంచి, చివరి పరీక్ష పొద్దున పెడదామని వచ్చేశాను.

ఆదివారం పొద్దున వీధి మొగలో నిలబడ్డాను. నూకరత్నం బండి మీద ఎదురొస్తోంది. చెయ్యెత్తి ఆపమన్నాను. ఆగలేదు. నా పక్కనుంచే దూసుకుపోయింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒకపక్క కాలవ, ఎదురుగా వడ్డాది రోడ్డు మీద చెరకు లోడు ట్రాక్టర్లు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బండి రోడ్డెక్కే ముందు ఒక్క వంకర తిరిగి, పక్కన పోసిన చెరకాకు కుప్పలోకి దూరి ఆగింది. మోటారు ఇంకా మూలుగుతూనే ఉంది. పరుగెత్తి తాళం తిప్పి ఆపేశాను.

అంత సర్వీసులో తీగ తెగడం చూశాను, స్ప్రింగు విరగడం చూశాను. ఇలాంటిది ఎన్నడూ చూడలేదు. ఎడమ పిడినీ, మీటనీ, బ్రేకు లీవరునీ కలిపి పసుపు గుడ్డ చుట్టేసి ఉంది. ఊడిపోకుండా మూడు ముళ్ళు. పైన చామంతి దండ. నొక్కిన మీట గుడ్డ మడతలో ఇరుక్కుని వెనక్కి రాలేదు. లీవరు కదలడానికి సందు లేదు, అది కదలకపోతే కటాఫ్ పనిచెయ్యదు. నిర్ఘాంతపోయాను.

ఎవరు కట్టారని గట్టిగానే అరిచాను. అప్పారావుతో పాటు వెనకే పరుగెత్తుకొచ్చిన నూకరత్నం వాళ్ళమ్మ బెదరలేదు. "నానే కట్టేను బాబూ. కొత్త బండికి పూజ సెయ్యకుండా ఎలా పంపుతాను? గుంట మొదటిసారి ఒంటరిగా ఎల్తంది. దాని సెయ్యి ఎక్కడుంటదో అక్కడ కట్టేను" అంది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి మరీ సాగనంపిందట.

అప్పారావు చెల్లెలి మోచేతి మీద గీరుకున్నచోట తుడుస్తూ, "ఈ బండొద్దు సార్, పట్టుకెళిపోండి. ఉజ్జోగం పోతే పోనీ, మనిషుంటే సాలు" అన్నాడు. బండిని వెనక్కి పంపడమా, అక్కడే సరిచెయ్యడమా అన్నది సూపర్‌వైజర్ నిర్ణయం. నాకూ పంపేద్దామనే ఉంది. తాళం ఎందుకు తిప్పలేదమ్మా అని నూకరత్నాన్ని అడిగాను.

"తిప్పాలంటే హేండిల్ వదలాలి కద సార్. వదిల్తే కాలవలోకే. అందుకే ఆకు కుప్ప సూసుకుని బండి అటు తిప్పేను" అంది. తర్వాత అన్నవైపు తిరిగింది. "నన్నెత్తుకుని నువ్వు రెండుసార్లు పడేసేవు అన్నియ్యా. నిన్నేటి, మార్సెయ్యమన్నానా?"

అప్పారావు వెళ్ళి బండిని కుప్పలోంచి బయటికి లాగాడు. బండి దూసుకుపోతున్న ఆ క్షణంలో అంత నిబ్బరంగా ఆలోచించిన మనిషిని చూసి, బండి ఆగనప్పటికంటే ఎక్కువ విస్తుపోయాను.

ఆ రోజే ట్రాక్టర్ షెడ్డు వెల్డరును పిలిపించి, హెడ్‌లైటు కింద ఒక కొక్కెం అతికించాను. చెయ్యి వదలకుండా ఆపే రెండో దారిగా, సీటు వెనక తల ఆన్చేచోట కటాఫ్ స్విచ్ పెట్టాను. తల వెనక్కి నొక్కితే మోటారు ఆగిపోతుంది. గుడ్డ విప్పి వాళ్ళమ్మ చేతికిచ్చి, కొక్కేనికి కట్టమన్నాను. మళ్ళీ మూడు ముళ్ళు వేసింది. మధ్యాహ్నం దాకా పరీక్షించి సంతకం పెట్టాను. సోమవారం నూకరత్నం షాపు తెరిచే వేళకే అక్కడుంది.

తర్వాత నేను మార్చిన ప్రతి బండికీ ముందువైపు కొక్కెం పెట్టించాను. పూజ నా ఎదుటే చేయించి, గుడ్డతో, దండతో సహా బ్రేకు పరీక్ష చేశాకే సంతకం పెట్టాను. కొత్త బండికి ఇంట్లోవాళ్ళు ఏదో ఒకటి కట్టి తీరతారు. ఎక్కడ కట్టాలో మనం చోటు చూపించకపోతే, చెయ్యి ఉన్నచోటే కడతారు.