కుడి స్పీకర్‌లో లోపం లేదు

మీ కారులో పాట మోగుతుండగా వెనుక నుంచి హారన్ వినిపిస్తే, అది ఏ వైపు నుంచి వస్తోందో అద్దం చూడకుండా చెప్పగలరా? చెప్పగలనని వెంటనే అనకండి. నేనూ అలాగే అనేదాన్ని. కళాశాలలో డిబేట్ పోటీలకు తయారుచేసిన మా అధ్యాపకురాలు ఒక మాట పదే పదే చెప్పేవారు: ఎదుటివాడి వాదనలో లోపం వెతికే ముందు, వింటున్న నీ చెవిని అనుమానించు. అది కేవలం అలంకారమని అనుకున్నాను. ఆ మాటను అక్షరాలా పాటించవలసిన రోజు ఒకటి వస్తుందని ఊహించలేదు.

ముందు మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. మాది రేపల్లె. నాన్న బడిపంతులుగా పదవీ విరమణ చేశారు. చర్చిలో క్వాయర్, అంటే పాటల బృందం, నడిపిస్తారు. నేను బాపట్లలో ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను, శుక్రవారం సాయంత్రానికి ఇంటికి చేరుకుంటాను. క్రిస్మస్‌కు ముందు రెండు మూడు నెలలు చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి ప్రతి శనివారం తెనాలిలో ఉమ్మడి సాధన చేస్తాయి. వెళ్లేటప్పుడు కారే మా సాధన గది. నాన్న ప్రతి పాటనూ ఒక ప్రత్యేక పద్ధతిలో రికార్డు చేస్తారు. ఆయన పాడే టెనర్, అంటే మగ గొంతుల్లో పై స్వరం, కారులోని ఎడమ స్పీకర్లలో వినిపిస్తుంది; నేను పాడిన ఆల్టో, అంటే ఆడ గొంతుల్లో కింది స్వరం, కుడి స్పీకర్లలో వినిపిస్తుంది. కారు తెర మీది బ్యాలెన్స్ గీతను ఎడమకు జరిపితే నా గొంతు ఆగిపోతుంది; అప్పుడు ఆయన టెనర్‌కు తోడుగా నేను నేరుగా పాడాలి. మా చర్చిలో సగం మంది ఇలాగే నేర్చుకున్నారు. స్టీరింగ్ చక్రం చేతిలో ఉండగా తెర మీద వేలు పెట్టడం తప్పని ఎవరికీ తోచలేదు. దైవసేవ కదా అనుకున్నాం.

ఆ శనివారం ఉదయం నిద్ర లేవగానే కుడి చెవిలో దూది కుక్కినట్టుగా అనిపించింది. నొప్పి లేదు. ఎక్కడో దూరంగా ఫ్యాను తిరుగుతున్నట్టు సన్నటి హోరు మాత్రం ఉంది. జలుబు చేయబోతోందనుకుని, నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని కారు నడుపుతూ బయలుదేరాను. భట్టిప్రోలు దాటాక నాన్న పాట పెట్టారు. టెనర్ ఎప్పటిలాగే ఉంది. ఆల్టో మాత్రం పలచబడిపోయింది. నా గొంతు నాకే పక్కింటి నుంచి వినిపిస్తున్నట్టుంది. అంతకంటే వింత ఏమిటంటే, అది కూడా ఎడమవైపు నుంచే వస్తోంది.

"నాన్నా, ఆల్టో వినిపిస్తోందా మీకు?"

"నాకు టెనర్ పక్కనే కదమ్మా సీటు. ఆల్టో ఎప్పుడూ కాస్త తక్కువే. స్పీకరు పోయుంటుందిలే, వానకి డోర్లోకి నీళ్లు దిగుంటాయి."

ఆ వాదన నాకు నచ్చింది. బ్యాలెన్స్ గీతను కుడికి లాగి, వాల్యూమ్ పెంచాను. ఇంకా పెంచాను. "గుడిలో మైకులా ఉందే" అని నాన్న కిటికీ అద్దం దించారు. గాలి హోరు పెరగడంతో నేను మళ్లీ పెంచాను.

తెనాలిలో సాధన మొదలయ్యాక నా పక్కన నిలబడే అమ్మాయి మోచేత్తో పొడిచింది. "ఏంటక్కా, పూటకో పార్టీనా? టెనర్లలోకి దూకేశావ్!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నేను సరైన స్వరంలోనే పాడుతున్నానన్న నమ్మకం మాత్రం సడలలేదు. అప్పటికీ నా దృష్టిలో తప్పంతా స్పీకర్‌దే.

సాధన అయ్యాక ఒక కారు ఆడియో దుకాణానికి వెళ్లాం. యజమాని చాలా హుషారైన మనిషి. కుడి డోరు స్పీకరును కాసేపు మోగించి విన్నాడు.

"మాస్టారూ, ఇది బానే పలుకుతోందండి. కాకపోతే కంపెనీది కదా, మెతక. మంచిది వేయించుకోండి. సౌండు గుండెల్లో తగలాలి."

"గుండెకి స్టెంటు వేశారయ్యా నాకు, తగలక్కర్లేదు" అన్నారు నాన్న.

అయినా కొత్త స్పీకరు వేయించాం. 'బానే పలుకుతోంది' అన్న అతని మొదటి మాటే ఆ రోజు నాకు దొరికిన అత్యంత విలువైన ఆధారం. దాన్ని నేను పట్టించుకోలేదు.

తిరుగు ప్రయాణంలో వేమూరు దాటాం. కొత్త స్పీకరు, పెద్ద శబ్దం, మళ్లీ అదే పలచని ఆల్టో. ఇంతలో హారన్ మోగింది. ఎడమ నుంచి వచ్చిందనిపించింది. మా రోడ్ల మీద బైకులు ఎడమ నుంచి దూసుకురావడం వింతేమీ కాదు కనుక, దారి ఇద్దామని కారును కుడికి జరిపాను.

"ఎడమకి తల్లీ, ఎడమకి!" అని నాన్న కేకవేసి చక్రం మీద చెయ్యి వేశారు.

హారన్ కుడివైపునే మోగుతోంది. కొల్లూరు లంకల నుంచి అరటి గెలలతో వచ్చే వ్యాను అప్పటికే నా పక్కకు చేరింది. కుడి అద్దం ఫటుక్కున లోపలికి ముడుచుకుంది. కారు రోడ్డు అంచున, కాలువ గట్టు మీద ఆగింది. వ్యాను ముందుకు వెళ్లి ఆగాక డ్రైవర్ తల బయటపెట్టాడు. "ఏంటమ్మా, హారన్ కొడతంటే మీదికొస్తావేంటి! పాటలు వినాలంటే ఇంట్లో కూచోవచ్చుగా!"

హారన్ స్పష్టంగానే వినిపించింది. ఎక్కడి నుంచి వినిపించిందన్న విషయమే తప్పయింది. ఈ రెండూ వేర్వేరు విషయాలని అంతవరకు నాకు తెలియదు.

నాన్న కిందికి దిగి ముఖం కడుక్కుంటున్నారు. నా తలలో ఒక ప్రశ్న మొదలైంది. శబ్దం అంతా ఎడమ నుంచే వస్తోందంటే దానికి రెండే కారణాలు ఉండాలి: లోపం కారులో ఉంది, లేదా నాలో ఉంది. రెండింటినీ వేరుచేసే పరీక్ష ఏది? ఇంజన్ ఆపి, బ్యాలెన్స్ మధ్యకు తెచ్చి, పాట తక్కువ శబ్దంతో పెట్టాను. తర్వాత డ్రైవర్ సీటులోనే వెనక్కి తిరిగి, సీటు వీపును పట్టుకుని మోకాళ్ల మీద నిలబడ్డాను. ఇప్పుడు నా ఎడమ చెవి కారు కుడివైపుకు ఉంది.

నాన్న కిటికీ దగ్గరకు వచ్చి ఆగిపోయారు. "ఏంటమ్మా, బతికి బయటపడ్డామని మోకాళ్ల ప్రార్థనా?"

"ఉండండి నాన్నా."

ఆల్టో నిండుగా వినిపిస్తోంది. ఇప్పుడు టెనర్ పలచబడింది. మళ్లీ ముందుకు తిరిగి కూర్చున్నాను. ఆల్టో మాయమైంది. లోపం నాతోపాటే తిరుగుతోంది. నాతోపాటు తిరిగే లోపం కారుది కాదు.

ఆ మాట నాన్నతో చెప్పాను. ఆయన నన్ను పక్క సీటులోకి జరగమన్నారు. కొన్నేళ్లుగా పెద్దగా నడపని మనిషి చక్రం ముందు కూర్చుని, కారును మళ్లీ తెనాలి వైపు తిప్పారు.

తెనాలిలో మాకు దొరికిన ఈఎన్‌టీ డాక్టరు అమ్మ వయసున్న ఆవిడ. చెవిలో లైటు వేసి చూసి గులిమి లేదన్నారు. ట్యూనింగ్ ఫోర్కును మోగించి నుదుటి మధ్యన ఆనించారు.

"ఎటు వినపడుతోందమ్మా?"

"ఎడమకండి. మధ్యలో పెట్టారు కదా, ఎడమకెందుకు వస్తోంది?"

"ప్రశ్న నాకే వేస్తున్నావే! కుడి నరం వినిపించుకోవట్లేదు కాబట్టి. ముందు ఆడియోమెట్రీ, వినికిడి పరీక్ష, చేయించుకో."

గాజు తలుపు గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఎడమ చెవికి నొక్కుతూనే ఉన్నాను. కుడి చెవికి మార్చాక చాలాసేపు ఏమీ రాలేదు. మిషన్ ఆగిపోయిందేమో అని తల ఎత్తి చూశాను. అవతల ఉన్న అమ్మాయి నన్ను చూడకుండా గుండ్రటి మీటను తిప్పుతూనే ఉంది. నాకు మొదట భయం వేసింది అక్కడే.

"సడెన్ సెన్సొరీన్యూరల్ హియరింగ్ లాస్ అంటాం, లోపలి చెవో నరమో దెబ్బతిని వినికిడి హఠాత్తుగా పోవడం. తొందరగా వచ్చారు, అదొక మంచి. చాలామంది జలుబనుకుని వారాలు గడిపేసి వస్తారు. స్టెరాయిడ్ ఇవాళే మొదలుపెడదాం" అన్నారు డాక్టరు.

"పూర్తిగా వస్తుందాండి?"

"కొందరికి వస్తుంది, కొందరికి కొంత వస్తుంది, కొందరికి రాదు. నీకేదో నేనిప్పుడే చెప్తే అబద్ధమవుతుంది."

ఆ నిజాయితీ నాకు ఊరటనిచ్చింది. అడగవలసిన ప్రశ్న ఇంకొకటి మిగిలింది. "కారులో పెద్ద శబ్దం వల్ల వచ్చిందాండి ఇది?"

"అలా చెప్పలేను. పెద్ద శబ్దం చెవిని పాడుచేసేది నెమ్మదిగా, సాధారణంగా రెండు వైపులా. ఇది రాత్రికి రాత్రి ఒక చెవికే వచ్చింది. ఎక్కువమందిలో కారణం దొరకదు. కానీ చెవి వినపడట్లేదని వాల్యూమ్ పెంచావు చూడు, ఆ దెబ్బ తగిలేది మిగిలిన మంచి చెవికి. ఆ ఒక్కటే ఉందిప్పుడు నీకు." తర్వాత నాన్న వైపు తిరిగి, "తల తిరగడం లేదని తేలేవరకు అమ్మాయి బండి ముట్టుకోకూడదండి, మాస్టారూ" అన్నారు.

స్టెరాయిడ్ మాత్రల రోజులు విచిత్రంగా గడిచాయి. నిద్ర పట్టేది కాదు, ఆకలి ఆగేది కాదు. షుగర్ పెరుగుతోందేమోనని పరీక్షలు చేశారు. నరం మీద గడ్డ ఏదైనా ఉందేమోనని ఎంఆర్‌ఐ తీయించారు, ఏమీ లేదు. ఆ యంత్రం లోపల దడదడ శబ్దమంతా ఒకే వైపు మోగుతుంటే భయపడడానికి బదులు, ఇది ఎడమ చెవికి ఎలా వినిపిస్తోంది, కుడి చెవి దాకా వచ్చి ఎక్కడ ఆగిపోతోంది అని ఆలోచిస్తూ పడుకున్నాను. తెలుసుకోవాలన్న కోరిక ఉన్నంతసేపు భయానికి చోటు తక్కువని గమనించాను.

రెండో ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పటంలో, గీత దాదాపు కదలలేదు. ఆ రోజు డాక్టరు ముఖం చూడగానే అర్థమైంది. "ఇంట్రాటింపానిక్ ఇంజెక్షన్లు వేద్దాం. కర్ణభేరి దాటించి మందు లోపలికే పంపిస్తాం" అన్నారు. ముందు మొద్దుబారే మందు వేశారు. తర్వాత గుచ్చినట్టు, చల్లటి నీరు తలలోకి దిగినట్టు అనిపించింది, గది ఒక్కసారి పక్కకు ఒరిగింది. చెవి పైకి ఉండేలా పడుకోబెట్టి, "మింగకు, మాట్లాడకు" అన్నారు. నాన్న మెల్లగా "డిబేట్ పిల్లకి సూది కంటే ఇదే పెద్ద శిక్షండి" అన్నారు. నవ్వు వచ్చింది. నవ్వకూడదన్నారు.

ఆసుపత్రికి తిరిగే ఆ రోజుల్లో కారులో పాట మోగలేదు. నాన్నే నడిపేవారు. ఒకసారి బాపట్ల దగ్గర నేనే అడిగాను, "పాట పెట్టండి నాన్నా." "వద్దులే" అన్నారు. ఆ ఒక్క మాటను బట్టి, ఆయన నాకంటే ఎక్కువ భయపడుతున్నారని తెలిసింది.

ఇంజెక్షన్లు పూర్తయ్యాక ఒక ఉదయం ఫోను పొరపాటున కుడి చెవికి పెట్టుకున్నాను. నాన్న గొంతు రేకు డబ్బాలో రాళ్లు కదిలినట్టు వినిపించింది. మాట అర్థం కాలేదు. అయినా వినిపించింది! తర్వాతి పరీక్షల్లో బరువైన శబ్దాలు చాలావరకు తిరిగి వచ్చాయి. సన్నని శబ్దాలు రాలేదు. హోరు ఇప్పటికీ ఉంది. దానితో సర్దుకుపోవడం నేర్చుకున్నాను. ఇక వచ్చేది ఇంతేనేమో అని డాక్టరే సూటిగా చెప్పారు. అనుమతి ఇచ్చాక మళ్లీ కారు నడుపుతున్నాను.

హారన్ ఎటు నుంచి వస్తోందో ఇప్పుడూ నమ్మకంగా చెప్పలేను. అందువల్ల దిక్కును చెవితో కాకుండా అద్దాలతో నిర్ణయిస్తాను. వేగంతో పాటు శబ్దం తానే పెరిగే సౌకర్యం మా కారులో ఉందని మాన్యువల్ చదివాకే తెలిసింది; దాన్ని ఆపేశాను. పాట, వాల్యూమ్, బ్యాలెన్స్ అన్నీ కారు కదలక ముందే. ఎంత శబ్దం ఉండాలన్నదానికి నాకొక కొలత ఉంది: ఇండికేటర్ వేస్తే దాని టిక్ టిక్ పాట మధ్యలోంచి తేలిగ్గా వినిపించాలి. దాన్ని మింగేసే పాట హారన్‌నూ మింగేస్తుంది. "పాట గట్టిగా లేకపోతే నిద్రొస్తుందమ్మా డ్రైవరుకి" అని నాన్న ఒకసారి వాదించారు. "నిద్రొస్తే బండి ఆపి టీ తాగాలి నాన్నా, పాటతో కళ్లు తెరిపించకూడదు" అన్నాను. ఆ డిబేట్ మాత్రం నేనే గెలిచాను.

క్వాయర్‌లో ఇప్పుడు కుడి చివరన నిలబడతాను, అందరి గొంతులూ నా ఎడమకు వస్తాయి. కారులో భాగాల సాధన మానేశాం. బయలుదేరే ముందు ఇంటి ముందు ఆగి ఉన్న కారులో కూర్చుని ఒక పాట పాడుకుంటాం. మొన్న నాన్న కొత్త పాట పెట్టారు. టెనర్ కుడి నుంచి వచ్చింది. ఆల్టో ఎడమ నుంచి, నా మంచి చెవి వైపు నుంచి, నిండుగా వచ్చింది. ఆయన రికార్డింగులో వైపులు మార్చేశారు. నాకు చెప్పలేదు. అడిగితే, "ఎటుంటే ఏంటమ్మా, పాడు" అన్నారు.

చదువుతున్న మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. ఈసారి కారు ఎక్కగానే, కదిలించక ముందు, తక్కువ శబ్దంతో ఏదైనా పాట పెట్టి బ్యాలెన్స్‌ను ఒకసారి పూర్తిగా ఎడమకు, ఒకసారి పూర్తిగా కుడికి జరిపి వినండి. ఒక వైపు పలచగా ఉంటే సీటులో వెనక్కి తిరిగి మళ్లీ వినండి. లోపం అక్కడే ఉండిపోతే మెకానిక్ దగ్గరకు వెళ్లండి. మీతోపాటు తిరిగితే వాల్యూమ్ పెంచకండి. ఇంకొకరికి చక్రం అప్పగించి, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్లండి.