అత్తమ్మ పాటకు వైర్‌లెస్ మైకు

నేను కరెంటు ఆఫీసులో బిల్లుల సెక్షన్‌లో పనిచేస్తాను కాబట్టి, వైరున్న ప్రతి వస్తువూ నాకు తెలుసని మా ఇంట్లో ఒక నమ్మకం. మిక్సీ ఆగిపోయినా, ఫ్యాను మొరాయించినా నన్నే పిలుస్తారు. నేను చూసేది కంప్యూటరులో అంకెలేనని ఎంత మొత్తుకున్నా ఎవరికీ పట్టదు. ఆఖరికి వైరు లేని వస్తువు కూడా నా నెత్తినే పడింది. పోయినేడు బతుకమ్మ పండగకు ముందు మా అత్తమ్మ కోసం వైర్‌లెస్ మైకు కొన్నాం. దాన్ని కలిపి, నడిపించి, నిభాయించే పని నాకు అప్పజెప్పారు.

హైదరాబాదు పాతబస్తీలో, ఛత్రినాకలో మా గల్లీ బతుకమ్మకు పాట ఎత్తుకునేది మా అత్తమ్మే. ఒక్కో లైను ముందు ఆమె పాడితే, చుట్టూ తిరిగే ఆడవాళ్లందరూ అందుకుని తిరిగి పాడతారు. నేను పెళ్లయి ఈ ఇంటికి వచ్చేనాటికే ఆ పని ఆమెదని గల్లీ మొత్తం ఒప్పేసుకుంది. మైకు లేదు, గీకు లేదు. గల్లీ మొదట్లో ఇస్త్రీ బండి దాకా ఆమె గొంతు వినబడేది. నేను ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో మెయిన్ రోడ్డు మీద ఆటో దిగుతుండగానే, ఇప్పుడు ఏ పాట నడుస్తోందో తెలిసిపోయేది.

అంతకు ముందు ఏడు ఆమె మెడలో గడ్డకు ఆపరేషన్ అయింది. గడ్డ ప్రమాదమైంది కాదని తేలింది, మనిషి దక్కింది. గొంతు మాత్రం సగమే దక్కింది. నరం కొంచెం బలహీనపడిందని, గట్టిగా అరవకూడదని, మెల్లగా పాడుకుంటే పర్వాలేదని డాక్టరమ్మ చెప్పింది. మా అత్తమ్మకు మెల్లగా పాడటం అంటే ఏమిటో తెలియదు. వంటింట్లోంచి ఆమె పిలిస్తే హాల్లో ఉన్న మాకు వినబడదు. గిన్నె మీద గరిటెతో కొట్టి పిలవడం మొదలుపెట్టింది.

ఆ ఏడు గల్లీవాళ్లు డీజే పెట్టుకున్నారు. పాటలు రికార్డువి, ఊగిపోయే దరువు. ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ తిరగడం మానేసి డీజే బండి వైపు తిరిగి ఎగిరారు. నా కాళ్లు కూడా ఆగలేదు, అబద్ధం ఎందుకు. అత్తమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కాసేపు చూసింది. తర్వాత లోపలికి పోయి గోంగూర ఒలుచుకుంటూ కూర్చుంది. ఆ రోజు నుంచి పనిచేసుకుంటూ కూనిరాగం తీయడం కూడా మానేసింది. అది మాత్రం నాకు కష్టంగా అనిపించింది. ఈ ఇంట్లో నేను అన్నిటికన్నా ముందు అలవాటుపడింది ఆ కూనిరాగానికే.

పోయినేడు మళ్లీ పండగ దగ్గర పడింది. గల్లీ చివర టైలరింగ్ షాపు నడిపే అక్క మా ఇంటికి వచ్చింది. గల్లీలో ఏ పండగైనా పెత్తనం ఆమెది. గుమ్మంలోనే నిలబడి కొంచెం మొహమాటంగా అడిగింది.

"పెద్దమ్మా, ఈసారి గూడ డీజే భాయ్‌కు చెప్పెయ్యాల్నా?"

అత్తమ్మ చేతిలో ఉన్న చాట పక్కన పెట్టి, దగ్గరికి రమ్మని పిలిచి చెప్పింది. "మొదటి దినం నేను పాడుత. ఇనబడకుంటె రెండో దినంకెళ్లి డీజేనే పెట్టుకోండ్రి. నేనేం అనుకోను."

నేనేం అనుకోనని మా అత్తమ్మ అన్నదంటే మస్తు అనుకుంటుందని అర్థం. ఆ మొదటి సాయంత్రం ఆమె గొంతు గల్లీకి అందకపోతే, ఇక ఎప్పటికీ ఆమెను ఎవరూ పాడమని అడగరు. ఆమె కూడా పాడదు. ఇది నాకూ తెలుసు, టైలరక్కకూ తెలుసు. మా ఆయనకు కూడా తెలిసినట్టుంది, ఎప్పుడూ నోరు విప్పని మనిషి "కోఠికి పోదాం, మైకు తెద్దాం" అన్నాడు.

వైరు మైకు పనికిరాదు. పాట ఎత్తుకునే మనిషి కూడా అందరితో పాటు గుండ్రంగా తిరగాలి కదా. ఒకసారి ఎప్పుడో వైరు మైకు పెట్టి చూశారట. కాసేపట్లోనే వైరు బతుకమ్మలన్నిటినీ చుట్టేసి దారపు కండెలా చేసిందట. అందుకే వైర్‌లెస్ తెచ్చాం. పెట్టెలో రెండు వస్తువులు ఉన్నాయి. ఒకటి చేతిలో పట్టుకునే మైకు. రెండోది రెండు కొమ్ములున్న డబ్బా, రిసీవర్. మైకులో మాట్లాడితే ఆ డబ్బా గాల్లోంచి అందుకుని, సౌండు బాక్సులకు పంపిస్తుంది. కానీ ముందు రెండింటికీ పరిచయం చేయాలి. డబ్బాలో ఖాళీగా ఉన్న చానల్ వెతికి, మైకునూ అదే చానల్‌కు కలపాలి. డబ్బా మీద ఒక చిన్న అద్దం, మైకు మీద ఒక చిన్న అద్దం ఉంటాయి. రెండూ ఎదురెదురుగా పెట్టి మీట నొక్కితే చాలు. పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించారు.

నేను ఎదురెదురుగా పెట్టాను. నొక్కాను. ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉండిపోయింది. దగ్గరగా పెట్టాను, దూరంగా పెట్టాను, సెల్లులు తిప్పి వేశాను. నాకు ఓపిక తక్కువ. కొట్టువాడిని తిట్టాను, కొన్నందుకు మా ఆయన్ని తిట్టాను, వంటింట్లోంచి తొంగి చూస్తున్న అత్తమ్మను తిట్టలేక ఫ్యానును తిట్టాను. మళ్లీ పుస్తకం తెరిచి, మైకు మీద అద్దం ఎక్కడుందో బొమ్మలో చూసి, చేతిలో మైకును తిప్పి చూశాను. అద్దం ఉండాల్సిన చోట పసుపు, దాని మీద కుంకుమ బొట్టు.

కొత్త వస్తువు ఏది వచ్చినా అత్తమ్మ బొట్టు పెట్టనిదే వాడనివ్వదు. ఫ్రిజ్‌కు పెట్టింది, స్కూటీకి పెట్టింది, నా ఆఫీసు ల్యాప్‌టాప్‌కు కూడా పెట్టింది. నేను స్నానానికి వెళ్లిన సందులో మైకును దేవుడి దగ్గర పెట్టి పూజ చేసేసింది.

"సరిగ్గా గాడనే ఎందుకు పెట్టినవ్ అత్తమ్మా?" అన్నాను.

"గాడ నున్నగ మెరుస్తుండె. గదే దాని నొసలు అనుకున్న."

ఆమె అన్న తర్వాత చూస్తే అది నిజంగానే నొసలులాగే ఉంది. తడిబట్టతో తుడవబోతే చేయి పట్టుకుంది. "పూర్తిగ తుడవకు. జర పక్కకు జరుపు." బొట్టును పక్కకు జరిపాం. మీట నొక్కగానే పచ్చ లైటు వెలిగింది. ఎదురింటి అక్క దగ్గర చిన్న స్పీకరు అడిగి తెచ్చి, అన్నీ మిద్దె మీదకు మోసుకుపోయాం.

స్పీకరు పెట్టగానే అందులోంచి ఒక మగ గొంతు గద్దించింది. "గేట్ కే సామ్నే సఫేద్ గాడీ కిస్కీ హై, జల్దీ హటాలో భాయ్." అత్తమ్మ ఉలిక్కిపడి నా వైపు చూసింది.

"మన డబ్బాల గాయన ఎవరు?"

వెనక గల్లీలో ఫంక్షన్ హాలు ఉంది. వాళ్ల మైకూ మేం పెట్టుకున్న చానల్ మీదే నడుస్తున్నట్టుంది. గేటుకు అడ్డంగా తెల్లకారు పెట్టిన వాడెవడో తీసేదాకా విని, తర్వాత చానల్ మార్చాను. మళ్లీ అద్దానికి అద్దం పెట్టి కలిపాను. ఈసారి చేయి తిరిగిందనిపించింది, కొంచెం గర్వం కూడా వచ్చింది.

పట్టుకునే పద్ధతి నేర్పాను. పైన గుండ్రంగా ఉన్న జాలీ మీద చేయి వేయొద్దు, అడుగున పట్టుకుంటే సిగ్నల్ ఆగుతుంది, నడుమ పట్టుకోవాలి, నోటికి రెండు వేళ్ల దూరం ఉండాలి. అత్తమ్మ అన్నీ బుద్ధిగా విన్నది. మైకు పట్టుకుని పాట ఎత్తుకుంది. చిన్న గొంతే, కొంచెం గరుకుగా ఉంది, కానీ స్పీకరులోంచి ప్రతి మాటా విడివిడిగా వచ్చింది. నాకు పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది. రెండో లైనుకు ఆమె ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి కూడా మాట అందక మైకు నా చేతిలో పెట్టేసింది.

"పాట మర్చిపోయినవా?" అన్నాను.

"మర్చిపోలే. చప్పట్లు లేకుంట నాకు మాట రాదు బిడ్డా. గిది పట్టుకుంటె ఒక చెయ్యే మిగిలె."

ఈ ముక్క ఏ పుస్తకంలోనూ రాసి లేదు. చిన్నప్పటి నుంచి ఆమె పాటను చేతులతో నేర్చుకుంది. చప్పట్లు పడితేనే తర్వాతి మాట నోటికి వస్తుంది. తొడ మీద చరుచుకుని చూసింది, కుదరలేదు. మైకు పట్టుకున్న చేతి మీద కొడితే బాంబు పేలినట్టు శబ్దం వచ్చింది. చివరికి ఆమే తేల్చేసింది. "నువ్ పట్టుకో. నేను పాడుత."

"నేను నీ పక్కన తిరగాల్నా?"

"నేను కూసుంటె నువ్ కూసో. నేను తిరిగితె తిరుగు."

నాకు బతుకమ్మ ఆట అంతంతమాత్రం. నలుగురిలో వెనక వరుసలో పెదాలు కదిపి నెట్టుకొచ్చేదాన్ని. అయినా ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి సాయంత్రాలు మిద్దె మీద ఇద్దరం తిరిగాం. ఆమె వంగితే నేను వంగాలి, ఆమె లేస్తే నేను లేవాలి, మైకు మాత్రం నోటి ముందు నుంచి జరగకూడదు. నడుములు పట్టేశాయి. ఆమె వయసులో నాకు అంత ఓపిక ఉండదని నాకు అప్పుడే అర్థమైంది.

మొదటి రోజు సాయంత్రం యాకుత్‌పురా నుంచి సౌండు భాయ్ బాక్సులు తెచ్చాడు. గల్లీలో పెళ్లికైనా పేరంటానికైనా బాక్సులు ఆయనవే. ఆడవాళ్ల వైపు మొఖం పెడితే మైకు కూత పెడుతుందని, బాక్సులను బయటి వైపుకు తిప్పి పెట్టాడు. అత్తమ్మను చూసి సలాం చేసి నాతో అన్నాడు. "ఇదివరకు అమ్మకు నా డబ్బాలతోటి పనే లేకుండె. అమ్మ పాడుతుంటె నా దుకాణం దండగ అనుకునేటోణ్ణి." అత్తమ్మ నవ్వింది కానీ, మైకులో సెల్లులు కొత్తవేనా అని నన్ను రెండుసార్లు అడిగింది.

తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మలను గల్లీ మధ్యలో పెట్టారు. అత్తమ్మ కొంగు బిగించి చప్పట్లు మొదలుపెట్టింది. నేను మైకు ఆన్ చేసి ఆమె నోటి ముందు పట్టుకుని, ఎండ్రకాయలా పక్కకు నడవడం మొదలుపెట్టాను. మొదటి లైను వచ్చింది. పాత గొంతు కాదది. అంత చిన్న గొంతును వినడానికి అందరూ ఒక్కసారి మాటలు ఆపేశారు. మా గల్లీ ఆడవాళ్లందరూ కలిసి మాటలు ఆపడం నేను అదే మొదటిసారి చూడటం. తర్వాత అందరూ అందుకున్నారు.

రెండో పాటకు అత్తమ్మ భయం పోయింది. సొంత మాటలు కలపడం మొదలుపెట్టింది. నల్లా నీళ్లు రాని సంగతి పాడింది, ఇస్త్రీ బండి సంగతి పాడింది. ఆ ఊపులో నా వైపు ఓరగా చూసి, ఆఫీసు కోడలు మైకు మోస్తున్నదని నన్ను కూడా పాటలో కలిపేసింది. అందరూ పగలబడి నవ్వుతూ ఆ లైనును రెండుసార్లు పాడారు. నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది. ఇన్నేళ్లూ దూరంగా వెనక వరుసలో ఉండి నేను ఎన్ని మాటలు పోగొట్టుకున్నానో అని కూడా అనిపించింది.

ఆ తర్వాతి పాట నడుమ అత్తమ్మ గొంతు పోయింది. లైను ఎత్తుకోబోతే గాలి వచ్చింది తప్ప మాట రాలేదు. ఆ గాలి కూడా బాక్సుల్లోంచి గల్లీ మొత్తం వినబడింది. టైలరక్క నా వైపు చూసింది. ఆ గాలి మళ్లీ ఎవరికీ వినబడకూడదని నా బొటనవేలు స్విచ్ మీదకు పోయింది. అత్తమ్మ చప్పట్లు ఆపలేదు. నా వేలు చూసి తల అడ్డంగా ఊపింది. గడ్డంతో తన చేతుల వైపు చూపించింది.

నేను మైకును ఆమె చేతుల దగ్గరకు దించాను. చప్పట్లు బాక్సుల్లోంచి పెద్దగా వచ్చాయి. ఒక చుట్టు అందరం ఆ చప్పట్ల మీదే తిరిగాం, పాట లేదు. అప్పుడు టైలరక్క లైను ఎత్తుకుంది. శ్రుతి లేదు, గొంతు వణికింది, కానీ మాటలు సరిగ్గానే ఉన్నాయి. మిగతావాళ్లు అందుకున్నారు. ఆమె తడబడ్డ చోట అత్తమ్మ పెదాలు కదిపి చూపిస్తే, చూసి పాడింది. చప్పట్లు మాత్రం చివరిదాకా అత్తమ్మవే. నాకు ఏడుపు ఆగలేదు. రెండు చేతులతో మైకు పట్టుకుని ఉన్నాను కాబట్టి తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది. నేనే ఆమె స్థానంలో ఉంటే మైకు కట్టేసి ఇంట్లోకి పోయి తలుపు వేసుకునేదాన్ని. నలుగురిలో గొంతు పోయినా చిన్నబోకుండా నిలబడిన మనిషిని ఆమెను తప్ప నేను ఇంకెవరినీ చూడలేదు.

మరునాడు పొద్దున అత్తమ్మ గుమ్మంలో కూర్చుని గునుగు పూలు బాగుచేస్తోంది. మాట సరిగ్గా పైకి రావడం లేదు. రాత్రి నుంచీ నాకు ఒకటే దిగులు, రెండో రోజు నుంచి డీజే పెట్టుకొమ్మని అత్తమ్మ మాట ఇచ్చింది కదా, ఇవాళ డీజే వస్తుందని. టైలరక్క వచ్చి మెట్టు మీద కూర్చుని, పూలు తనూ అందుకుంది. డీజే ఊసు ఎత్తలేదు.

"ఇయ్యాల ఎన్నింటికి మొదలు పెడ్దాం పెద్దమ్మా?"

అత్తమ్మ తల ఎత్తింది. దగ్గరగా వంగితే తప్ప వినబడనంత మెల్లగా చెప్పింది.

"ఆరింటికి. గొంతుంటె పాడుత, లేకుంటె చప్పట్లు కొడ్త. టైముకైతె వస్త."