ఊడ్చి ముగ్గేసిన చిత్తడి నేల

ప్రకృతిని కాపాడే మహత్కార్యంలో నా పాత్ర ఐదు వెదురు కర్రలు పాతడం. జంషెడ్‌పూర్ బాగ్‌బేరాలో రైల్వే క్వార్టర్ల వెనక ఒక చిత్తడి నేల ఉంది. ఎక్కడెన్ని రకాల మొక్కలున్నాయో లెక్కగట్టి, ఎక్కువుంటే 'కాపాడదగినది', లేకపోతే 'బంజరు' అని రాసే సర్వే ఒకటి వచ్చింది. బంజరని తేలితే అక్కడ లారీల యార్డు కడతారు. మా పైడమ్మత్త ముప్పయ్యేళ్లుగా ఆకుకూర కోసుకునేది అక్కడే. అందుకే బాటనీ డిగ్రీని ఇంట్లో ఖాళీగా పెట్టుకున్న నేను స్వచ్ఛందంగా చేరి, పోయిన వారం మ్యాప్‌లో చూపిన చోట్ల కర్రలు పాతి, ఎర్ర రిబ్బన్లు కట్టి వచ్చాను.

లెక్క రోజు, ఆదివారం, ఆరున్నరకు సాక్చీలో షేర్ ఆటో ఎక్కాను. స్టేషన్ దాకా ఇరవై రూపాయలు, ఆపైన పావుగంట నడక. షికారుకా అని డ్రైవర్ హిందీలో అడిగాడు. గడ్డి లెక్కపెట్టడానికన్నాను. అతను పాటల సౌండు పెంచాడు.

సర్వే మేడమ్ మీటరు పొడవు, మీటరు వెడల్పున్న ఇనుప చట్రంతో వచ్చింది. అది పడినచోట ఉన్న మొక్కల రకాలే లెక్క. పోయిన వారం ఒక్క కర్ర దగ్గరే రకాలు లెక్కపెడితే నా చేతివేళ్లు చాలక కాలివేళ్ల దాకా వచ్చాను. ఇప్పుడు ఐదు కర్రల చుట్టూ నున్నటి నేల. కర్రకో ముగ్గు. పక్కనే పట్టుచీరలో పైడమ్మత్త.

"ఏటత్తా ఇది?"

"ఏటంటే? ఆఫీసరమ్మ సూడ్డానికి వత్తాదని నువ్వే సెప్పినావు కదేటి! ఆ తుప్పల్లోకి ఎలాగొత్తాది? నిన్న పొద్దున్నుంచీ పీకి, ఊడ్సి, బూడిద సల్లినాను. మీ మావ పెళ్లిసూపులకొచ్చినప్పుడు కూడా ఇంత సెయ్యలేదు నాయనా."

కర్రలు కాస్త పక్కకు జరపమని మేడమ్‌ను బతిమాలాను.

"చోట్లు ముందే నిర్ణయించాం. బాగున్న వైపుకు జరిపితే అది కొలత కాదు, మోసం" అంది హిందీలో. నిజమే చెప్పింది. అదే కడుపు మండే సంగతి.

ఐదు చట్రాలు, ఐదు సున్నాలు. మూడో ముగ్గులో ఎనిమిది పద్మాలు విచ్చుకుని ఉన్నాయి గానీ, ఫారంలోని నీటి మొక్కల గడిలో వాటికి చోటు లేదు. ఈ విడతకు మరో లెక్క కూడా లేదట. 'బంజరు' అని రాసి మేడమ్ సంతకం చేసింది.

"మార్కులెన్నొచ్చినాయిరా?" అంది అత్త.

"చాలా శుభ్రంగా ఉందన్నారత్తా."

ఆమె ముఖం వెలిగిపోయింది. కర్రలకు అవతల మిగిలిన పొన్నగంటికూర కోసి నా సంచి నింపింది.

తిరుగు ఆటోలో తప్పును వర్గీకరించాను. మేడమ్ నియమం పాటించింది. అత్త మర్యాద పాటించింది. 'గడ్డి ముట్టుకోవద్దు' అని ఒక్క ముక్క చెప్పాల్సిన పట్టభద్రుడు మాత్రం రిబ్బన్లు అందంగా కట్టి వెళ్లిపోయాడు.

చూడాలనుకునేవారు వానలు తగ్గగానే, ఉదయం ఎనిమిదిలోపు వెళ్లండి. మోకాలి దాకా బూట్లు కావాలి. యార్డు కట్టేదాకా ఆలస్యమైతే అవీ అక్కర్లేదు.